క్షౌమము: అవిసెనార పూర్వోత్తరములు

మన కులమూలపురుషుడగు భావనఋషి తామరతూటినుండి నార తీసి దేవతలకు వస్త్రములు నేసెనని మన పద్మశాలీయుల పురాణము చెప్పుచున్నది. ఈ సంచికను చదువు కులస్థులలో ఆ కథ నెరుగనివారుండరు. కాని అందులో నొక విశేషము కలదు. ఆ మొదటి నేతగాని చేతికి వచ్చినది ప్రత్తికాయలోని దూది కాదు. పట్టుపురుగు గూడును కాదు. ఒక మొక్కయొక్క కాడనుండి వెడలిన నార. పురాణమును చరిత్రముగా చదువుట మా ఉద్దేశము కాదు. అయినను మానవుడు దారము పేన నేర్చిన తొలిదినములలో కాడనార యతనికి ముఖ్యాధారమయ్యెనని నేల త్రవ్వి చూచిన పండితులు చెప్పుచున్నారు గనుక, మన పెద్దల కథకును ఆ శాస్త్రమునకును వైరము లేదని మాత్రము చెప్పవచ్చును.

అట్టి కాడనారలలో అగ్రగణ్యమైనది అవిసెనార. దానితో నేసిన బట్టనే ఇంగ్లీషువారు లినెన్ అందురు. ఇప్పుడు నగరములలోని బట్టల దుకాణములందు ఆ పేరుతో చీరలును చొక్కాగుడ్డలును హెచ్చు వెలకు అమ్ముడగుచున్నవి. మన మగ్గములలోను కొన్నిటిపై ఆ నూలు ఎక్కినది. ఇది దొరల సరకు, మన వృత్తికి సంబంధించినది కాదని కొందరు పెద్దలు చెప్పుచుందురు. నూలు ఏదైన నేమి, కూలి గిట్టిన చాలునని కొందరు యువకులు చెప్పుచుందురు. రెండును తొందరపాటు మాటలే. మొదటి మాట మన పూర్వగ్రంథముల నెరుగకపోవుటచేత పుట్టినది. రెండవది ఇతరదేశముల నేతగాండ్రకు పట్టిన గతి నెరుగకపోవుటచేత పుట్టినది. అందుచేత అవిసెనార చరిత్రమును మాకు తెలిసినంతవరకు ఇచట వ్రాయుచున్నాము.

ముందుగా పేరు విషయము. తెలుగున అవిసె యను పేరు రెండు వేర్వేరు మొక్కలకు కలదు. పెరటిలో పెరిగి, పూవును ఆకును కూరకు పనికివచ్చు అవిసెచెట్టు ఒకటి. దానితో మనకిచట పని లేదు. గింజలనుండి నూనె తీయు చిన్నమొక్క రెండవది. సంస్కృతమున దీనికి అతసి, ఉమ, క్షుమ యని పేర్లు. క్షుమనుండి వచ్చినది గనుక దాని బట్ట క్షౌమము. ఈ మొక్క రెండుమూడడుగుల ఎత్తు పెరుగును, చలికాలపు పైరు, సన్నని కాడ, చిన్న ఆకు, లేతనీలపు పూవు. భక్తులు విష్ణుమూర్తి మేనిచాయను అతసీకుసుమముతో పోల్చుట ఈ పూవును చూచియే. నిత్యము ఆ స్తోత్రములు చదువువారిలో ఆ పూవును కన్నులార చూచినవారు పదింట నొకరైన నుందురో లేరో!

నార తీయు విధానము మన పల్లెలలో గోగునార, జనపనార తీసినవారికి క్రొత్తగా తోచదు. అవిసెను కోయరు, వేళ్లతో పెరుకుదురు, కోసినచో కాడయొక్క అడుగుభాగము నేలలో మిగిలి నార పొట్టియగును. పిమ్మట కాయలను దువ్వి రాల్చి, కట్టలు కట్టి నీటిలో ఊరవేయుదురు. లేదా పొలములోనే పరచి మంచుకు వదలుదురు. కాడలోని బంక క్రుళ్లి నార విడివడవలెను. ఊరవేసిన గుంట దుర్గంధము భరింపరానిది. ఒకదినము తక్కువైన నార ఊడదు. ఒకదినము ఎక్కువైన నారయే క్రుళ్లును. ఆరిన కట్టలను విరుగగొట్టి, బెండును దులిపి, ఇనుపముండ్ల దువ్వెనలగుండ నీడ్చి దువ్వుదురు. పొడవైన పోగులు ఒకవైపు, చిక్కుపడిన పొట్టిపోగులు మరియొకవైపు చేరును. మొదటివి సన్నబట్టకు, రెండవవి గోతాములకు, త్రాళ్లకు. శ్రీకాకుళపు సీమలోని పొందూరున వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని దువ్వి సన్ననూలు వడకు పద్ధతి కలదు. ఆ దువ్వెన ఎముకది, ఈ దువ్వెన ఇనుముది. వడుకుటకు ముందు పోగులను వరుసకు తెచ్చుటయే రెండింటి ప్రయోజనము.

ఈ నూలు గుణములును నేతవాండ్రకు తెలియదగినవే. ఇది ప్రత్తినూలుకంటె బలమైనది. తడిసినకొలది బలము హెచ్చును. ఒంటికి చల్లగా నుండును. చెమటను త్వరగా పీల్చి త్వరగా ఆరిపోవును. కాని దీనికి సాగు గుణము లేదు. పొడిగాలి తగిలిన పడుగు పోగులు పుటుక్కున తెగిపోవును. అందుచేతనే ఐరోపాలోని నారబట్ట నేతగాండ్రు తరతరములుగా చెమ్మగల నేలమాళిగలలోను, మట్టినేలల కొట్లలోను మగ్గములు వేసికొనుచుండిరి. బట్టకు ఆ తేమ మేలు చేసినది. నేతగాని కీళ్లకును రొమ్మునకును కీడు చేసినది. మన గుంటమగ్గమునందును పడుగు నేలకు దగ్గరగా నుండి చెమ్మ పట్టును గనుక మన నేతవాండ్రకు ఈ సంగతి వివరించి చెప్ప నక్కరలేదు. మరియు అవిసెనార సహజముగా బూడిదవన్నె గలది; దానిని తెలుపుచేయుట మహాప్రయాసము. పూర్వము హాలెండులోని హార్లెము పట్టణమువద్ద బట్టలను క్షారజలమున ఉడికించి, పచ్చికపై పరచి, పుల్లని మజ్జిగలో నానవేసి, మరల పరచుచు నెలలతరబడి శ్రమించెడివారు. మన చాకలివారి చౌడు, బాన, ఎండ యను మూడు సాధనములే అవియును.

ఇక ప్రాచీనత. కాకసస్ పర్వతప్రాంతమున జార్జియా దేశమునందలి జుజువానా గుహలో సుమారు 30,000 ఏండ్లనాటి అడవి అవిసె పోగులు దొరకెననియు, వానిలో కొన్ని పేనినవి, కొన్ని రంగు వేసినవి అనియు 2009లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అవి అవిసెయే యని నిర్ధారణ చేయుట కష్టమని మరికొందరు ఆక్షేపించిరి. ఆ వివాద మెట్లున్నను ఐగుప్తు దేశపు సాక్ష్యమునకు ఆక్షేపణ లేదు. కైరోకు దక్షిణమున తర్ఖాను అను చోట 1913లో ఫ్లిండర్స్ పెట్రీ అను పండితుడు సమాధులను త్రవ్వి, మట్టికొట్టుకొనిన గుడ్డల మూట నొకదానిని లండనునకు పంపెను. దాని నెవ్వరును విప్పలేదు. 1977లో శుభ్రముచేయుటకై విప్పగా అందులో కుట్టుపనిగల అంగీ యొకటి బయటపడినది. చేతులకును భుజములకును సన్నని మడతలు పెట్టి కుట్టినది. 2015లో పరీక్షింపగా అది క్రీస్తునకు పూర్వము 3482, 3102 సంవత్సరముల నడిమికాలమునాటిదని తేలినది. మోచేతులవద్దను చంకలవద్దను ముడుతలు నేటికిని కనబడుచున్నవి; అనగా ఎవరో దానిని నిజముగా తొడిగి విడిచినారన్నమాట. ఐదువేల ఏండ్లకు పైబడి నిలిచిన నేత! నేసినవారి పేరు మాత్రము నిలువలేదు.

ఐగుప్తీయులు శవములకు చుట్టినది ఈ బట్టయే. ఒక్కొక్క శవమునకు వందలాది గజములు పట్టెడిది. వారి పురోహితులు నారబట్ట తప్ప వేరొండు కట్టరాదని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసెను. బట్టయే కూలిగాను పన్నుగాను చెల్లెడిది. ఈ శవవస్త్రములలో నొకటి విచిత్రమైన గ్రంథముగా కూడ మారినది. 1848లో అలెగ్జాండ్రియాలో నొక క్రొయేషియా దేశస్థుడు ఒక శవమును విలాసవస్తువుగా కొనెను. దానికి చుట్టిన నారపట్టీలపై వ్రాతయున్నదని పిమ్మట కనుగొనిరి. అది ఇటలీలో నశించిపోయిన ఎట్రుస్కను భాష యని 1891లో తెలిసినది. ఆ భాషలో నేటికి మిగిలిన అన్నిటికంటె పొడవైన వ్రాత అదియే. జాగ్రెబు నగరపు ప్రదర్శనశాలయందున్నది. తాటాకుపై వ్రాసిన జాతివారము మనము. గుడ్డపై పుస్తకములు వ్రాసిన జాతులును ఉండెనని దీనిచే తెలియుచున్నది.

మన దేశమునకు వత్తము. ఉమయొక్క వికారమగు వస్తువునకు ఔమము అను రూపము ఎట్లు కలుగునో పాణిని సూత్రించెను. బౌద్ధభిక్షువులకు బుద్ధుడు అనుమతించిన ఆరువిధముల చీవరములలో పాలిభాషలో ఖోమమను పేరుతో మొదట చెప్పబడినది క్షౌమమే. ప్రత్తి దాని తరువాతిది. రామాయణమున పట్టాభిషేకమునకు ముందు రాముడు వ్రతముండినపుడును, కౌసల్య దేవతార్చన చేయునపుడును కట్టినది క్షౌమమని వాల్మీకి చెప్పెను. మనుస్మృతిలో నొక్కొక్క వస్త్రము నెట్లు శుద్ధిచేయవలెనో చెప్పు చోట క్షౌమమునకు తెల్లావాల ముద్ద విధింపబడినది. ఇట్టి విధి వ్రాయవలసి వచ్చినదన్న, ఆ బట్ట ఇంటింట కాకున్నను గొప్పయిండ్లలోనైనను వాడుకలో నుండెననుటకు వేరు సాక్ష్యమక్కరలేదు.

అన్నిటికంటె మన వృత్తికి ఉపకరించు సాక్ష్యము కౌటిల్యుని అర్థశాస్త్రమునందు గలదు. సూత్రాధ్యక్షుడను అధికారి ఉన్ని, నార, ప్రత్తి, జనుములతోపాటు క్షౌమమును గూడ వితంతువులచేతను, అంగవైకల్యముగల స్త్రీలచేతను, కన్యలచేతను, సన్యాసినులచేతను, మరియు నిట్టి ఇతరస్త్రీలచేతను వడికింపవలెను. నూలు సన్నదనమును బట్టి వేతన మీయవలెను. గడపదాటని స్త్రీలకు దాసీలచేత పని ఇంటికి పంపవలెను. నూలు తెచ్చి యిచ్చు స్త్రీ ముఖము పరికించి చూచినను, పనికిమాలిన మాటలాడినను ఆ యధికారికి దండన. వేతనము సకాలమున చెల్లింపకున్న అంతకంటె పెద్ద దండన. వేతనము పుచ్చుకొని పని చేయనివారికిని కఠినశిక్ష కలదు; దానిని దాచి చెప్పుట న్యాయము కాదు. అయినను కూలి ఆలస్యము చేసినందుకు అధికారినే దండించు విధి మన పూర్వులు వ్రాసియుంచినారని విన్నపుడు, నెలలతరబడి మజూరీకై తిరిగిన మన నేతవాండ్రకు ఆశ్చర్యము కలుగక మానదు. కాశియందును పుండ్రదేశమునందును పుట్టు క్షౌమములు శ్రేష్ఠములని ఆ గ్రంథమే చెప్పుచున్నది.

ఇట్లు గౌరవమందిన వస్త్రము మన దేశమున ఏల మరుగుపడినది? కారణ మొకటి కాదు. ప్రత్తి మన నేలకు, మన ఎండకు సరిపడినది. ఊరవేయుట, విరుగగొట్టుట, నెలలతరబడి తెలుపుచేయుట దానికి లేవు. రంగును చక్కగా పట్టును. అవిసెకు దీర్ఘమైన చలికాలము కావలెను. ఇంకొక సంగతి. నార కావలసినచో విత్తనము దట్టముగా చల్లవలెను. అప్పుడు మొక్క కొమ్మలు వేయక నిలువుగా పెరుగును. గింజ కావలసినచో పలుచగా చల్లవలెను. అప్పుడు కొమ్మలువేసి పొట్టిగానుండి కాయలు విస్తారముగా కాచును. మన రైతు నూనె గానుగకై పలుచగా చల్లుట కలవాటుపడినాడు. ఆ వంగడములు నారకు పనికిరానివయ్యెను. బట్ట పోయినను పేరు మాత్రము మిగిలినది. అమరసింహుడే క్షౌమమును దుకూలముతో కలిపి చెప్పెను. తరువాతివారు తెల్లని సన్నబట్ట నెల్ల, పట్టును సైతము, క్షౌమమనుచు వచ్చిరి. మన ప్రబంధనాయికలు కట్టిన క్షౌమములు అవిసెనారతో నేసినవని ఎవ్వరును భ్రమపడరాదు.

ఐరోపాలో దీనికి విరుద్ధముగా జరిగినది. అచట ఉన్ని మీదిబట్ట. ఒంటిని తగులు లోబట్ట, పడకదుప్పటి, బల్లపై పరచు గుడ్డ, ఓడచాప, పసిబిడ్డ పొత్తిగుడ్డ, శవముపై కప్పు గుడ్డ యన్నియు అవిసెనారయే. ఇంగ్లీషులో గీతకు లైన్ అను మాటయు, చొక్కాలోపల వేయు లైనింగు అను మాటయు ఈ మొక్క పేరునుండి పుట్టినవే. ఇంగ్లాండును నార్మనులు జయించిన కథను చెప్పు బాయే పటము 11వ శతాబ్దమున నారగుడ్డపై ఉన్నిదారములతో కుట్టినది. చినిగిన నారగుడ్డలనే నానవేసి దంచి కాగితము చేసిరి. కొయ్యగుజ్జు కాగితము 19వ శతాబ్దమున వచ్చువరకు అచ్చైన ఐరోపా పుస్తకములు పాతగుడ్డల చలువయే.

ఆ నారబట్టల రాజ్యములోనికి మన తెలుగుతీరపు ప్రత్తిబట్ట ప్రవేశించుట ఈ చరిత్రలో మనకు ముఖ్యమైన ఘట్టము. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్టణమున దిగిరి. డచ్చివారు అంతకుముందే వచ్చియుండిరి. గోదావరి, కృష్ణా మండలముల నేతపల్లెలలో నేసిన తెల్లబట్ట ఓడలకెక్కినది. నరసాపురమువద్ద మాధవాయపాలెపు రేవు పేరు మడపొల్లాము అను బట్టపేరుగా సీమలో స్థిరపడినది. ఇంగ్లాండు ఇండ్లలో హాలెండునుండియు జర్మనీనుండియు వచ్చు ఖరీదైన నారబట్టకు మారుగా చొక్కాలకు, దుప్పట్లకు ఈ చవుక ప్రత్తిబట్టను కంపెనీవారే ప్రచారముచేసిరి. అనగా మన పూర్వులు తామెన్నడును చూడని దేశములోని, తామెన్నడును పేరు వినని నేతగాండ్రతో, తమకు తెలియకయే పోటీపడిరి. లాభము నడుమనున్న వర్తకునిది.

సీమలోని ఉన్ని, పట్టు నేతగాండ్రు మొరపెట్టగా అచటి ప్రభుత్వము 1700లో రంగులు వేసిన కాలికో బట్టల దిగుమతిని నిషేధించెను. 1721లో వానిని ధరించుటనే నిషేధించెను. ఇచట నొక సాంకేతిక విషయమును చదువరులు శ్రద్ధగా గమనింపవలెను. ఆకాలమున ఇంగ్లాండులో ప్రత్తినూలు వడకువారుండిరి. కాని ఆ నూలు పడుగుగా నిలువదగినంత బలముగా వారికి రాలేదు. కావున లాంకషైరు నేతగాండ్రు పడుగునకు అవిసెనూలు, పేకకు ప్రత్తినూలు వేసి నేసిరి. అట్టి మిశ్రమబట్టకు రంగులద్దవచ్చునని 1736లో ప్రత్యేకచట్టము పుట్టినది. మన తెలుగు స్త్రీలు రాట్నముపై వడికిన ప్రత్తినూలు పడుగునకు, పేకకు రెండింటికిని చాలినది. ఇంగ్లాండున యంత్రము లేక పడుగు నిలువలేదు. ఈ ఒక్క సంగతిచాలు, మన వడుకు ఎంతటిదో తెలియుటకు. 1769లో ఆర్క్‌రైటు జలశక్తితో నడచు వడుకుయంత్రమును కనిపెట్టినపిమ్మట ప్రత్తినూలే పడుగునకు వచ్చినది. 1774లో పూర్తి ప్రత్తిబట్టకు చట్టము అనుమతినిచ్చినది. శైశవమున ప్రత్తిమిల్లును చేయిపట్టి నడిపించిన అవిసెపడుగు అంతటితో త్రోసివేయబడినది. ఆ మిల్లునూలే మరి రెండుతరములకు మన తీరమున దిగినది. 1833 చట్టముతో కంపెనీ వర్తకమే ముగిసినది. మన ఇండ్లలో రాట్నములు అటకలెక్కినవి.

అవిసెనూలుకు యంత్రము ఆలస్యముగా వచ్చుటకు కారణము దాని బంకయే. 1810లో నెపోలియను చక్రవర్తి అవిసె వడుకు యంత్రమునకు పదిలక్షల ఫ్రాంకుల బహుమానము ప్రకటించెను. ఫిలిపు ద జిరారు అను ఫ్రెంచివాడు యంత్రము చేసెను. బహుమానము మాత్రము అతనికి ముట్టలేదు. అప్పులపాలై దేశము విడిచి, ఆస్ట్రియాకు, పిమ్మట పోలండునకు పోయెను. అచట అతని పేరిట జిరార్దూవ్ అను మిల్లుపట్టణము వెలసినది. 1825లో ఇంగ్లాండున జేమ్సు కే అనునతడు పోగులను నీటిలో నానబెట్టి తడిగానే వడికినచో సన్ననూలు వచ్చునని కనుగొనెను. ఆ తడివడుకే ఐర్లాండును మార్చివేసినది.

ఐర్లాండు కథ మన కథకు అద్దము వంటిది గనుక కొంచెము విస్తరించెదము. 17వ శతాబ్దాంతమున ఇంగ్లాండు ఐర్లాండులోని ఉన్ని పరిశ్రమను చట్టములచే అణచి, తన ఉన్నికి పోటీరాని నారబట్టను మాత్రము ప్రోత్సహించెను. ఫ్రాన్సులో మతహింసకు తాళలేక పారిపోయిన ప్రొటెస్టెంటు నేతగాండ్రు అచట చేరిరి. వారిలో లూయీ క్రొమ్లెను అనునతడు 1698లో లిస్బర్నున స్థిరపడెను. 1711లో నారబట్టల పర్యవేక్షణకు ప్రభుత్వసంఘ మేర్పడినది. 1796లో అవిసె సాగుచేసిన రైతులకు సాగుభూమిని బట్టి రాట్నములును మగ్గములును బహుమతిగా నిచ్చిరి. ఆ పుచ్చుకొన్నవారి పట్టికలో సుమారు 60,000 పేర్లున్నవి. అల్‌స్టరు మండలపు నేతగానికి కొద్దిపాటి కవులుభూమి, అందులో నొక మడి అవిసె, దానిని అతడే ఊరవేసెను, భార్యయు కూతుండ్రును వడికిరి, అతడు నేసెను, వారపుసంతకు తానే మోసికొనిపోయి బేరమాడెను. విత్తునుండి బట్టవరకు సర్వము ఇంటిలోనిదే. అతడు ధనికుడు కాదు. కాని సంతలో ఒక వర్తకునితో బేరము కుదరకున్న రెండవవానివద్దకు పోగల స్వతంత్రుడు.

1828లో బెల్ఫాస్టునందు మల్‌హోలండుల ప్రత్తిమిల్లు తగులబడెను. వారు దానిని మరల ప్రత్తికై కట్టక, తడివడుకు యంత్రములు వేసి 1830లో అవిసెమిల్లుగా తెరచిరి. కొద్దియేండ్లలో చేతివడుకు నశించినది. స్త్రీల సంపాదన పోయినది. నేతగాడు మిల్లునూలు కొనలేక, వర్తకుడిచ్చిన నూలును వర్తకుడు చెప్పిన కొలతకు నేసి, అతడిచ్చిన కూలి పుచ్చుకొనువాడయ్యెను. గమనింపుడు: అతని మగ్గమును ఎవ్వరును లాగికొనలేదు. అతని నైపుణ్యము తగ్గలేదు. నూలు ఇల్లుదాటిపోయినది, దానితో స్వాతంత్ర్యము పోయినది. మరమగ్గము వచ్చి అతనిని తుదముట్టించుటకు ఇంక కొన్ని దశాబ్దములు పట్టినది. కాని అతడోడిపోయినది 1830 నాడే యని మా నిశ్చయము. మన పల్లెలలో సాహుకారు నూలు, సాహుకారు లెక్క, సాహుకారు కూలి అను మూడుముడుల నెరిగినవారికి ఇది పరదేశపు కథగా తోచునా?

జర్మనీదేశపు సైలీషియా సీమకును నారబట్టచే పేరు వచ్చినది. మిల్లునూలు పోటీచే అచటివారు ఆకలిపాలైరి. 1844 జూనులో పేటర్స్‌వాల్డౌ, లాంగెన్‌బీలౌ అను ఊళ్ల నేతగాండ్రు వర్తకుల ఇండ్లపై పడిరి. సైన్యము కాల్పులలో 11 మంది చచ్చిరి. ఆ తిరుగబడినవారిలో ప్రత్తి నేయువారే ఎక్కువ. పోగు ఏదైనను ఆకలి యొక్కటే. గెర్హార్టు హౌప్ట్‌మను 1892లో ఈ వృత్తాంతమును నేతగాండ్రు అను పేరిట నాటకముగా వ్రాసెను.

1861 మొదలు 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధముచే సీమకు ప్రత్తి రాక, బెల్ఫాస్టు నారమిల్లులకు మహర్దశ పట్టినది. ఆ యేండ్లలోనే మన దేశపు ప్రత్తి ఓడలకెక్కి ధర మండిపోగా, ఇచటి నేతవాండ్రు నూలు కొనలేక అల్లాడిరి. ఒకే యుద్ధము అచట మిల్లుదారుని మిద్దె యెక్కించి ఇచట మగ్గమును మూలపెట్టెను. ఆ మిల్లులలో పనిచేసిన స్త్రీల పాట్లును తక్కువవి కావు. వేడినీటి తొట్లవద్ద వట్టికాళ్లతో రోజంతయు తడిలో నిలిచి కాలిగోళ్లు చెడిపోయెడివి. దువ్వుడు కొట్టులో దుమ్ము ఊపిరితిత్తులను తినివేసెడిది. 1911 అక్టోబరులో నొక మిల్లువారు పనిలో పాడినను, నవ్వినను, మాటలాడినను, తల సవరించుకొనినను జుల్మానా యని క్రొత్త నిబంధనలు పెట్టగా ఆ స్త్రీలు పని మానిరి. సమ్మె నిలుపుటకు డబ్బు చాలలేదు. అప్పుడు వారి నాయకుడు జేమ్సు కొనలీ వారికొక ఉపాయము చెప్పెను: విడివిడిగా పోవలదు, గుంపుగా పాడుచు లోనికి పొండు, ఒకతెకు జుల్మానా వేసిన అందరును లేచి రండు. మగ్గమువద్ద పదము పాడుకొనుచు నేయు అలవాటుగల మనవారికి ఈ సమ్మె ప్రత్యేకముగా మనసున నాటును.

నార విషయమిట్లుండ, గింజ విషయము రెండుమాటలలో చెప్పెదము. అవిసెనూనె గాలిని పీల్చి తానై గట్టిపడును. ఈ ఒక్కగుణముచే అది చిత్రకారుని రంగునకు, తలుపుల వార్నీషునకు, అచ్చుసిరాకు ఆధారమయ్యెను. పాతకాలపు అచ్చుసిరా యనగా దీపపుమసియు కాచిన అవిసెనూనెయు. 1863లో ఫ్రెడరికు వాల్టను నేలపై పరచు లినోలియమును దీనితోనే చేసెను. క్రికెట్టు బ్యాటునకు ఈ నూనె పట్టించుట పిల్లలకును తెలియును. నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడవేసినచో వాటంతట అవియే వేడెక్కి అంటుకొనును; ఇండ్లకు రంగులు వేయించువారు దీనిని మరువరాదు. మన దేశపు అవిసెగింజలు 19వ శతాబ్దమున బొంబాయి, కలకత్తా రేవులనుండి ఓడలకొలది ఐరోపాకు పోయినవి. మన ఇండ్లలో వేయించి కారము కలిపి పొడికొట్టుకొనుటయు, గడ్డలపై పట్టువేయుటయు వాడుకయే.

మొదటి ప్రపంచయుద్ధమున విమానపు రెక్కలకు బిగించిన గుడ్డ అవిసెనారదే. పిమ్మట రసాయనపు నూళ్లు వచ్చి నారబట్ట వాడుక క్షీణించినది. ఇప్పుడు మరల దానికి గిరాకి పుట్టినది. లోకములోని పొడవునార అవిసెలో సుమారు ముప్పాతికవంతు ఫ్రాన్సు, బెల్జియము, నెదర్లాండ్సు దేశముల సముద్రతీరపు పొలములలో పండుచున్నది. అందులో ఎక్కువభాగము వడుకుటకు చీనాదేశమునకు పోవును. మన దేశపు మిల్లులును నారను విదేశములనుండి తెప్పించుకొని వడుకుచున్నవి. ఆ నూలు మన నేతపల్లెలకు వచ్చువరకు ఎన్ని చేతులు మారునో, చేయి చేయికి ఎంత వెల పెరుగునో మగ్గమువద్ద కూర్చున్నవానికి తెలియదు. ప్రత్తినూలు ధర పెరిగినపుడు మొరపెట్టుకొనుటకైనను ఈ దేశములో ఒక తావు కలదు. నార్మండీలో వాన కురియక పంట చెడినచో మన పల్లెలో లినెన్ నూలు ధర పెరుగును; మొరపెట్టుకొను తావేది?

కావున ఈ నూలు నేయవలదని మేము చెప్పుటలేదు. క్షౌమము మనది; నేయుదము. కాని మన మహాసభలో తీర్మానములు చేయునపుడు మగ్గముల సంఖ్యను గూర్చియు డిజైన్లను గూర్చియు చర్చించినంత శ్రద్ధతో నూలు మూలమును గూర్చియు చర్చింపవలెనని ప్రతినిధులను, పోషకులను కోరుచున్నాము. మనదేశమున అవిసె ముఖ్యముగా మధ్యప్రదేశు, ఛత్తీస్‌గఢు, ఉత్తరప్రదేశములలో నేటికిని గింజకై పండుచున్నది. గింజ రాల్చిన పిమ్మట ఆ కాడలను చాలచోట్ల పొయ్యిలో పెట్టుదురు, లేదా చేనిలోనే తగులబెట్టుదురు. గింజయు నారయు రెండును ఇచ్చు వంగడములను కాన్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు తయారుచేసియున్నారు. ఆ నార ఐరోపా నారయంత పొడవును సన్నదనమును గలది కాదు. ప్రత్తితో కలిపి వడికిన ముతకరకములకు, దుప్పట్లకు, తువాళ్లకు సరిపోవును. గింజపంట చేతికి వచ్చునది ఫాల్గుణ చైత్రములలో. కాడలు ఊరవేయుటకు చెరువులలో నీరు తక్కువగానుండు కాలమది.